నెల్లూరులో కొత్త కాపురానికి అద్దె ఇల్లా, ఫ్లాటా? రెండిట్లోనూ ఉన్నాక నా రివ్యూ

ముందు నా మాట తేల్చి చెప్పేస్తా, కారణాలు తర్వాత. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉద్యోగాలకి పోయేవాళ్ళయితే నెల్లూరు టౌన్లో నా ఓటు ఫ్లాట్‌కే, అది కూడా ఊరి చివర కొత్తగా లేస్తున్న పెద్ద పెద్ద గేటెడ్ కమ్యూనిటీలు కాదు, ఒక పదిహేను ఇరవై ఫ్లాట్లుండే కొంచెం పాత అపార్ట్‌మెంట్, మధ్య ఫ్లోరు, సొంత కరెంట్ మీటరు. ఇద్దర్లో ఒకరు ఇంటి పట్టున ఉండేటట్టయినా, అత్తమామలో అమ్మానాన్నో నెలల తరబడి వచ్చి ఉండేటట్టయినా ఇండిపెండెంట్ ఇల్లే సుఖం, కాకపోతే ఓనరు అదే కాంపౌండ్లో లేని ఇల్లయితేనే. మేం వెతికేటప్పుడు అందరూ అద్దె ఎంత, రూములెన్ని, తూర్పు వాకిలా కాదా ఇవే చెప్పారు గానీ రోజూ పొద్దున లేస్తే ఎదురయ్యే సంగతులు ఒక్కరూ చెప్పలా, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మా పరిస్థితి ఏందంటే నేను ట్రంక్ రోడ్డు దగ్గర ఆఫీసులో పనిచేస్తా, తొమ్మిదిన్నరకి పోవాలి, ఆరున్నర దాటాక వస్తా. మా ఆయనకి ముత్తుకూరు వైపు ప్లాంట్లో షిఫ్ట్ డ్యూటీ. పెళ్ళయ్యాక మొదట బాలాజీ నగర్ వైపు ఒక ఇంట్లో పై పోర్షన్ తీసుకున్నాం, కింద ఓనర్లు, పైన మేం. అక్కడ్నుంచి రామ్మూర్తి నగర్ వైపు ఒక అపార్ట్‌మెంట్లో రెండో ఫ్లోర్‌కి మారాం, ఇప్పుడు అక్కడే ఉన్నాం. ఓనర్ల పేర్లు, అపార్ట్‌మెంట్ పేరు రాయను, ఎవర్నీ బజారుకి లాగాలని కాదు ఇది, అలాంటి ఇళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నాయి కాబట్టి మీకు పనికొచ్చేది పేరు కాదు, పద్ధతి.

అద్దె సంగతి త్వరగా చెప్పేస్తా. పై పోర్షన్ డబుల్ బెడ్‌రూమ్ 8,500, ఇప్పుడు ఫ్లాట్ 12,500, దాని మీద మెయింటెనెన్స్ 1,500. అంటే కాగితం మీద చూస్తే నెలకి 5,500 తేడా, మా అత్తమ్మ అయితే ఈ తేడా విని "ఏంది పాపా, ఆ డబ్బుల్తో చీటీ కట్టుకోవచ్చు గదా" అన్నారు, ఆమె అన్నదీ న్యాయమే. కానీ నెలాఖర్న మొత్తం ఖర్చు లెక్కేసి చూసుకుంటే తేడా అంత ఉండదు, ఎందుకంటే ఇంట్లో అద్దె కాకుండా కరెంటు, నీళ్ళు, చెత్త, మెట్లు కడిగే మనిషి, ఇవన్నీ విడివిడిగా పోతుంటాయి, అన్నీ చిన్న చిన్నవి కాబట్టి లెక్కలోకి రావు.

అన్నిట్లోకి పెద్దది కరెంటు, దీన్ని కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే చాలామందికి ఇది అర్థం కాకుండానే డబ్బులు పోతున్నాయి. పోర్షన్ ఇళ్ళల్లో చాలా చోట్ల డిపార్ట్‌మెంట్ మీటరు ఒక్కటే, ఓనరు పేరు మీద. పైవాళ్ళకి సబ్ మీటరు పెట్టి యూనిట్‌కి ఇంత అని తీసుకుంటారు, మా దగ్గర 9 రూపాయలు తీసుకున్నారు. మన కరెంటు రేట్లు స్లాబుల ప్రకారం కదా, 2022 ఏప్రిల్లో మార్చిన స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, అక్కడ్నుంచి 400 దాకా 8.75, 400 దాటితే 9.75. అంటే మన ఇంటికి మనకే మీటరుండి నెలకి 200 యూనిట్లు కాలిస్తే ఎనర్జీ ఛార్జీ 867 రూపాయలు, ఫిక్స్‌డ్ ఛార్జీ, సర్దుబాటు ఛార్జీలు పైన. అదే 200 యూనిట్లకి సబ్ మీటరు మీద మేం కట్టింది 1,800.

ఇక్కడ ఓనరు మోసం చేశాడని గబుక్కున అనేయకండి. కింద వాళ్ళు 200, పైన మేం 200 కాలిస్తే మీటర్ మీద 400 పడుతుంది, అప్పుడు చివరి 175 యూనిట్లు 8.75 స్లాబులోకి పోతాయి, మొత్తం 2,548 అవుతుంది. అదే రెండు మీటర్లుంటే ఇద్దరికీ కలిపి 1,734తో అయిపోయేది. అంటే ఒక్క మీటరు ఉన్నందుకే నెలకి 800 పైన ఎవరికీ కాకుండా గాలికి పోతుంది, అది ఓనరు కూడా భరించాలి, అందుకే ఆయన గుండు గుత్తగా ఒక రేటు పెట్టేస్తాడు, ఆ రేటు మనకి ఎక్కువ పడుతుంది. ఎండాకాలం ఏసీలు వేస్తే ఇద్దరిదీ కలిపి 400 దాటి 9.75లోకి పోతుంది, అప్పుడు ఇంకా దారుణం. కాబట్టి ఇల్లు చూడ్డానికి పోయినప్పుడు హాలు, కిచెను కంటే ముందు మీటర్ల బోర్డు కాడికి పోయి మన పోర్షన్‌కి వేరే సర్వీస్ నంబరు ఉందా లేదా అడగండి. ఉంటే ఆ ఇంటికి నేను ఇంకో మార్కు ఎక్కువ వేస్తా. ఫ్లాట్లో ఈ గొడవే లేదు, మన సర్వీస్ నంబరు మనది, బిల్లు మనమే ఫోన్లో కట్టేసుకుంటాం, ఏసీ ఎన్ని గంటలు వేశారని ఎవరూ అడగరు.

నీళ్ళ సంగతికొస్తే ఇండిపెండెంట్ ఇంట్లో మోటరు స్విచ్ ఓనరు వరండాలో ఉంటుంది. పై ట్యాంకు అయిపోతే కిందకి పోయి "ఆంటీ, మోటరు వేస్తారా" అని అడగాలి. వాళ్ళు ఊరికి పోయినరోజు, గుడికి పోయిన పూట మన బకెట్లు మనమే చూసుకోవాలి. మా ఓనరాంటీ చాలా మంచామె, ఎప్పుడు అడిగినా విసుక్కోలా, కానీ పొద్దున ఎనిమిదిన్నరకి తలకి పోసుకుంటూ షాంపూ మధ్యలో నీళ్ళు ఆగిపోతే ఆమె మంచితనం మనకి ఉపయోగపడదు. చుట్టాలొచ్చిన వారం అయితే ఇంకా కష్టం, రొట్టెల పండక్కి మా పెద్దమ్మవాళ్ళు బారాషహీద్ దర్గాకి వచ్చి మా ఇంట్లో దిగితే రెండ్రోజులు నీళ్ళు ఎక్కువ వాడాం, "ఎంతమంది వచ్చారమ్మా, ఎన్నాళ్ళుంటారు" అని మెట్ల దగ్గరే ఆపి అడిగారు. అడగటంలో తప్పు లేదు, వాళ్ళ బోరు, వాళ్ళ మోటరు, కానీ మన ఇంటికి వచ్చిన చుట్టం ముందు ఆ ప్రశ్న వింటే మనసు చిన్నబోతుంది.

ఫ్లాట్లో నీళ్ళు వాచ్‌మెన్ చూసుకుంటాడు, ట్యాంకు నిండుతూనే ఉంటుంది. కానీ ఆ నీళ్ళు ఎలాంటివో చూసుకోండి. నెల్లూర్లో ఒక వీధికీ ఇంకో వీధికీ బోరు నీళ్ళు మారిపోతాయి, కొన్ని చోట్ల ఉప్పు నీళ్ళు, కుళాయిల చుట్టూ తెల్లగా గార కడుతుంది, గీజరు, వాషింగ్ మెషిన్ తొందరగా పోతాయి, జుట్టు రాలుతుందని ఆడవాళ్ళందరూ గగ్గోలు పెడతారు. ఇల్లు చూడ్డానికి పోయినప్పుడు బాత్రూమ్ షవర్ హెడ్, కుళాయి అంచులు చూస్తే తెలిసిపోతుంది, కొత్తగా రంగులేసిన గోడల్ని చూసి మురిసిపోవద్దు. మున్సిపల్ కనెక్షన్ ఉందా, ఆ నీళ్ళు వంటింటి కుళాయికి వస్తాయా, లేక కింద సంపులో బోరు నీళ్ళతో కలిపేస్తారా అని కూడా అడగండి. మా అపార్ట్‌మెంట్లో కలిపేస్తారు, అందుకని తాగడానికి 20 లీటర్ల క్యాన్లే. మా తమ్ముడు ఒంగోల్లో ఉంటాడు, అక్కడ మున్సిపల్ నీళ్ళు రోజూ వదలరు కాబట్టి సంపు ఎంత పెద్దదో అడక్కుండా ఇల్లు తీసుకోవద్దని వాడు ఎవరు అడిగినా మొదట చెప్పే మాట అదే. ప్రకాశం వైపు ఇల్లు చూసేవాళ్ళు అది గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు మా ఇద్దరికీ అసలు ఇబ్బంది యాడొచ్చిందో చెప్తా. గేటు. ఓనర్లు పెద్దవాళ్ళు, తొమ్మిదిన్నరకి పడుకుంటారు, పదికి గేటుకి తాళం. మా ఆయన మధ్యాహ్నం షిఫ్ట్ అయితే రాత్రి పదికి దిగుతారు, ముత్తుకూరు నుంచి కంపెనీ బస్సులో టౌన్లోకొచ్చి బండి తీసుకుని ఇంటికి చేరేసరికి పదకొండు దాటుతుంది. మాకు ఒక తాళం చెవి ఇచ్చారు, అది నిజమే, కానీ ఆ ఇనప గేటు తీసినా, బండి లోపలికి తోసినా వీధంతా వినపడుతుంది, వాళ్ళ కుక్క లేస్తుంది, అంకుల్ లైటేసి కిటికీలోంచి చూస్తారు. ఆయనకి బీపీ, నిద్ర చెడిపోతే మళ్ళీ పట్టదు. పొద్దున ఆంటీ "రాత్రి ఎన్నింటికొచ్చాడమ్మా" అంటుంది. వాళ్ళకీ బాధే, మాకూ బాధే. షిఫ్ట్ డ్యూటీలు చేసేవాళ్ళు, కృష్ణపట్నం వైపు పోయేవాళ్ళు, హాస్పిటళ్ళలో నైట్ డ్యూటీలు చేసే నర్సులు, వీళ్ళెవరూ ఓనరున్న ఇంట్లో కింద పైన ఉండొద్దని నేను గట్టిగా చెప్తా. ఫ్లాట్లో వాచ్‌మెన్ సెల్లార్లోనే పడుకుంటాడు, చిన్న గేటు తీసి ఉంటుంది, ఎవరు ఎప్పుడు వస్తున్నారో ఎవరికీ పట్టదు. రాత్రిపూట నేను ఒక్కదాన్నే ఉండే రోజుల్లో కూడా పక్క ఫ్లాట్లో మనుషులున్నారన్న ధైర్యం ఉంటుంది, మా అమ్మ ఈ ఒక్క కారణానికే ఫ్లాట్‌కి సరే అంది.

ఇంకో విషయం, రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నా. ఇల్లు అద్దెకి అడిగితే మొదట వచ్చే ప్రశ్న "మీరేమిట్లు" అని. కొంతమంది నేరుగా అడుగుతారు, కొంతమంది ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, చుట్టూ తిరిగి అక్కడికే వస్తారు. ఇది తప్పు, ఎంత మర్యాదగా అడిగినా తప్పే. అద్దె కట్టగలరా, ఇల్లు శుభ్రంగా ఉంచుతారా అనేదే ఓనరుకి కావాల్సింది. మేం ఫోన్లు చేసిన వాటిల్లో పోర్షన్ ఇళ్ళల్లో ఇది ఎక్కువ, ఫ్లాట్లలో తక్కువ, ఎందుకంటే ఫ్లాట్ ఓనరు చెన్నైలోనో హైదరాబాద్లోనో ఉంటాడు, ఆయనకి నెల మొదట్లో డబ్బు పడితే చాలు. అలాగే నీసు వండకూడదన్న షరతు. నెల్లూర్లో ఉండి చేపల పులుసు వండొద్దంటే ఎట్లండీ, మా ఆయన ఆదివారం పొద్దున్నే పోయి కొరమేను తెస్తే ఆ ఇంట్లో కిటికీలన్నీ మూసి వండేదాన్ని. ముందే చెప్పి ఉంటే ఆ ఇల్లు తీసుకునేవాళ్ళమే కాదు, చేరిన తర్వాత "మా అత్తగారికి వాసన పడదమ్మా" అని నెమ్మదిగా చెప్పారు. మాట మర్యాదగానే ఉంది, పులుసు మాత్రం ఆగిపోయింది. కాబట్టి అడ్వాన్స్ ఇవ్వకముందే ఈ మాట తేల్చుకోండి.

కొత్త జంట అనగానే ఇంకో ప్రశ్న కూడా ఉంటుంది, విశేషం ఏమన్నా ఉందా అని. కింద ఆంటీ అడిగేది, ఆమె చెల్లెలు వస్తే ఆమె కూడా అడిగేది. ప్రేమతోనే అడుగుతారు, నాకు తెలుసు. అయినా రోజూ మెట్లు దిగేటప్పుడు ఒకరికి జవాబు చెప్పాలి అనే ఆలోచన, పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు అలవాటు పడే టైములో, చిన్న మాటా పెద్ద మాటా అనుకునే టైములో, కింద వాళ్ళకి వినపడుతుందేమో అని గొంతు తగ్గించుకుని పోట్లాడుకోవడం, ఇవన్నీ మనిషిని నలిపేస్తాయి. కొత్త దంపతులకి కావాల్సింది ముందు తలుపేసుకుంటే మనదే అనిపించే ఇల్లు, మిగతా వసతులన్నీ దాని తర్వాతే.

ఇంతా చెప్పి ఇంటి మంచి చెప్పకపోతే పాపం. ఆ డాబా! సాయంత్రం ఆరు దాటాక తూర్పు గాలి తిరుగుతుంది చూడండి, సముద్రం గాలి, ఎండాకాలంలో ఆ గాలి కోసం చాపేసుకుని పైన పడుకునేవాళ్ళం, ఫ్లాట్లో టెర్రస్‌కి తాళం, సెక్రటరీని అడగాలి. అప్పడాలు, వడియాలు పెట్టుకోవాలన్నా, చింతపండు ఎండబెట్టాలన్నా, దుప్పట్లు ఆరేయాలన్నా ఇండిపెండెంట్ ఇంటికి సాటి లేదు, ఫ్లాట్ బాల్కనీలో రెండు తాళ్ళు కడితే అయిపోయింది, దుప్పటి వేస్తే కింద ఫ్లాట్ వాళ్ళ మీద చుక్కలు పడతాయని గొడవ. అత్తమ్మ వచ్చినప్పుడు ఆ ఇంట్లో పొద్దున్నే వాకిట్లో ముగ్గేసి, కింద ఆంటీతో కూర్చుని ములక్కాడలు వలుచుకుంటా గంటలు గంటలు మాట్లాడేది. ఫ్లాట్‌కి వచ్చినప్పుడు మూడో రోజుకే "నన్ను బస్సెక్కించు నాయనా" అని మా ఆయన దగ్గర పేచీ, పగలంతా తలుపులు మూసి ఉంటాయి, మనిషి మొహం కనపడదు అంటుంది. నాకు జ్వరం వచ్చి పడుకున్నప్పుడు ఆంటీ జావ కాచి పైకి తెచ్చిచ్చింది, కాళ్ళనొప్పులతో ఆ మెట్లెక్కి. ఆ సాయం నేను మర్చిపోలేను, ఫ్లాట్లో పక్క డోర్ వాళ్ళ పేరు తెలియడానికే చాలా కాలం పట్టింది.

రిపేర్ల విషయంలోనూ ఇల్లే మేలు. కుళాయి లీకయితే, స్విచ్ కాలితే సాయంత్రానికి మనిషి వచ్చేవాడు, ఎందుకంటే అది ఓనరు సొంత ఇల్లు, గోడ చెమ్మ పడితే ఆయనకే నష్టం. ఫ్లాట్లో మా బాత్రూమ్ సీలింగ్‌కి చెమ్మ దిగితే పై ఫ్లాట్ వాళ్ళు మాది కాదు పైపుది అంటారు, అసోసియేషన్ వాళ్ళు మీ పై వాళ్ళదే అంటారు, మా ఓనరు వేరే ఊళ్ళో కూర్చుని వాట్సాప్లో "ఫొటో పెట్టండి, చూస్తా" అంటాడు. ఫొటోలు పెడుతూనే ఉన్నాం, ఒక వానాకాలం గడిచాక గానీ పని కాలా. అసోసియేషన్ మీటింగ్‌కి పోతే "టెనెంట్స్ మాట్లాడకూడదు, ఓనరుని పిలవండి" అన్నారు, మెయింటెనెన్స్ మాత్రం టెనెంటే కట్టాలి. ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. అద్దెకుండేవాళ్ళకి కనీసం నీళ్ళు, లిఫ్ట్ సంగతైనా మాట్లాడే హక్కుండాలి.

ఎండ గురించి తప్పక రాయాలి, మే నెలలో నెల్లూరు ఎట్లా ఉంటుందో తెలిసిందే కదా, రోహిణి కార్తెలో 40 దాటి పోతుంది. పై పోర్షన్ అంటే నెత్తిమీద నేరుగా స్లాబ్. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు ఆ వేడి రాత్రి పన్నెండు దాకా గదిలోకి వదులుతూనే ఉంటుంది, ఫ్యానేస్తే వేడి గాలే, ఏసీ వేస్తే ఆగకుండా తిరుగుతుంది, మీటరూ తిరుగుతుంది. డాబా మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయిస్తే వేడి తగ్గుతుంది, అది ఓనరుతో మాట్లాడి అడ్వాన్స్ ముందే వేయించుకోండి. ఫ్లాట్లో మధ్య ఫ్లోర్ అయితే పైన ఇంకో ఇల్లు అడ్డం, తేడా మా కరెంటు బిల్లులోనే కనపడింది. ఫ్లాట్ అయినా టాప్ ఫ్లోర్ తీసుకుంటే మళ్ళీ అదే కథ. బెడ్‌రూమ్ గోడ పడమటి వైపు ఉందేమో కూడా చూడండి, సాయంత్రం ఎండ మొత్తం ఆ గోడకే, మా ఫ్లాట్లో రెండో బెడ్‌రూమ్ అలాంటిదే, మధ్యాహ్నం దాంట్లో ఎవరూ ఉండం.

వానలు మనకి కార్తీక మాసంలో కదా అసలు పడేది, నవంబరు డిసెంబర్లలో వాయుగుండం పడితే మూడు నాలుగు రోజులు వదలదు. 2021 నవంబర్లో పెన్నాకి వరదొచ్చినప్పుడు వెంకటేశ్వరపురం, భగత్ సింగ్ కాలనీ వైపు ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చేసినాయి, పడుగుపాడు కాడ రైలు పట్టాలు కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయినాయి. అప్పట్నుంచి ఏటి పక్కన గ్రౌండ్ ఫ్లోర్ అంటే మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. ఏటికి దూరంగా ఉన్నా సరే, మామూలు వానకే మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి, రామలింగాపురం అండర్ బ్రిడ్జి నీళ్ళతో నిండిపోతాయి, రైలు కట్టకి ఒక పక్క ఇల్లు, ఇంకో పక్క ఆఫీసు అయితే ఆ రోజుల్లో ఎంత చుట్టూ తిరిగి పోవాలో లెక్కేసుకోండి. ఫ్లాట్ తీసుకునేవాళ్ళు సెల్లారు చూడాలి, గోడ మీద నీళ్ళు నిలిచిన మరక ఉందేమో చూస్తే ఎంత ఎత్తు వస్తుందో ఆ గోడే చెప్తుంది. మా దాంట్లో వాన ఎక్కువైతే బండ్లన్నీ తీసి వీధిలో పెట్టమని గ్రూపులో మెసేజ్ వస్తుంది, అర్ధరాత్రయినా సరే దిగాలి.

దోమల గురించి నెల్లూరువాళ్ళకి నేను చెప్పేదేముంది, బయటి నుంచి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చేవాళ్ళ కోసం రాస్తున్నా. సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ పక్క వీధుల్లో సాయంత్రం ఐదున్నరకి కిటికీలు మూయకపోతే ఇంట్లో కూర్చోలేరు. ఇల్లయినా ఫ్లాటయినా ప్రతి కిటికీకీ, వెనక తలుపుకీ మెష్ ఉందా అని చూడండి, లేకపోతే ఓనరు చేత వేయించండి, మన డబ్బుతో వేస్తే ఖాళీ చేసేటప్పుడు ఊడదీసుకుపోలేం. పై ఫ్లోర్లకి పోయేకొద్దీ దోమలు కొంచెం తక్కువే, ఇది మేం రెండు చోట్లా చూసి చెప్తున్న మాట.

అడ్వాన్స్, అగ్రిమెంటు. ఇంటికి మూడు నెలల అద్దె అడిగారు, ఫ్లాట్‌కి రెండు నెలలు. కేంద్రం 2021లో తెచ్చిన మోడల్ టెనెన్సీ చట్టంలో నివాస ఇళ్ళకి రెండు నెలల అద్దె కంటే ఎక్కువ అడ్వాన్స్ తీసుకోకూడదని ఉంది, అది రాష్ట్రాలకి నమూనా మాత్రమే అయినా బేరం ఆడేటప్పుడు ఆ మాట వాడుకోవచ్చు. అగ్రిమెంటు అందరూ 11 నెలలకే రాస్తారు. అగ్రిమెంట్లో నాలుగు మాటలు స్పష్టంగా రాయించుకోండి, ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, ఏడాదికి అద్దె ఎంత పెంచుతారు, పెయింట్లకి ఎంత పట్టుకుంటారు, అడ్వాన్స్ ఎప్పుడు తిరిగిస్తారు. మా మొదటి ఇంటి దగ్గర పెయింట్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకున్నారు, అది ఈ ఊర్లో వాడుకే అన్నారు, కానీ గోడకి మేం ఒక మేకు కూడా కొట్టలా, కాగితం మీద లేదు కాబట్టి వాదించలేకపోయాం. ఇంటి నాలుగు గోడలూ, కుళాయిలూ, ఫ్యాన్లూ చేరే రోజే వీడియో తీసి ఓనరుకే వాట్సాప్ చేయండి, తేదీతో సహా ఉంటుంది.

జీతంలో ఇచ్చే ఇంటి అద్దె అలవెన్సు (హెచ్ఆర్ఏ) మీద పన్ను మినహాయింపు పెట్టుకునేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి, ఏడాది అద్దె లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు ఆఫీసులో ఇవ్వాలి, పోర్షన్ ఓనర్లు చాలామంది పాన్ అనగానే మొహం మాడ్చుకుంటారు, కొంతమంది అద్దె చేతికే ఇవ్వమంటారు. కొత్త ట్యాక్స్ విధానంలో ఉన్నవాళ్ళకి ఆ మినహాయింపే లేదు కాబట్టి ఈ తలనొప్పి లేదు. అయినా సరే అద్దె అకౌంట్‌కే వేయండి, రేపు ఏ తేడా వచ్చినా అదే సాక్ష్యం.

మార్కులు అడిగితే, ఓనరు కింద ఉండే పై పోర్షన్‌కి 5కి 2.5, అందులో ఒక మార్కు ఆంటీ జావకి, డాబా గాలికి. ఓనరు వేరే చోట ఉండి, వేరే మీటరు, వేరే గేటు ఉన్న ఇండిపెండెంట్ ఇంటికి కళ్ళు మూసుకుని 4.5 వేస్తా, మా కొలీగ్ ఒకామె వేదాయపాళెంలో అలాంటి ఇంట్లో ఉంది, ముందు మల్లె పందిరి, వెనక కరివేపాకు చెట్టు, చూస్తే అసూయ వేస్తుంది, కానీ అలాంటివి టూ లెట్ బోర్డు దాకా రావు, ఖాళీ అయ్యే లోపే తెలిసినవాళ్ళకి పోతాయి, ఆఫీసులోనూ పాలవాడి దగ్గరా చెప్పి ఉంచితేనే దొరుకుతాయి. చిన్న అపార్ట్‌మెంట్లో మధ్య ఫ్లోర్ ఫ్లాట్‌కి 4, చెమ్మ గొడవకీ మీటింగ్లో నోరు మూయించినందుకూ ఒకటి తీసేశా. టాప్ ఫ్లోర్ ఫ్లాట్‌కి 3. పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో మేం ఉండలా కాబట్టి మార్కులు వేయను, చూడ్డానికి పోయినప్పుడు జిమ్మూ స్విమ్మింగ్ పూలూ చూపించారు, మెయింటెనెన్స్ ఎంతో విన్నాక, ఆ టైముకి ఇంట్లో ఉండని మా ఇద్దరికీ వాటితో పనేముందని వచ్చేశాం.

వెతికే టైము కూడా చెప్తా, ఇది మాకు బాగా కలిసొచ్చింది. స్కూళ్ళు తెరిచే జూన్ ముందు ఇళ్ళకి గిరాకీ, అప్పుడు బేరం కుదరదు. ఆషాఢం వచ్చిందంటే ఎవరూ ఇల్లు మారరు, ఖాళీ పడ్డ ఇల్లు నెల పైన అలాగే ఉంటుంది, ఓనరుకీ మెత్తబడక తప్పదు. మేం ఆషాఢంలోనే ఫ్లాట్ చూసి 13,500 చెప్పింది 12,500కి తెచ్చుకున్నాం, మెష్ తలుపు కూడా ఆయన చేతే వేయించాం, కొంచెం టోకెన్ అడ్వాన్స్ ఇచ్చి శ్రావణంలో మంచి రోజు చూసి పాలు పొంగించాం. ఖాళీగా ఉన్న ఆ రోజులకి అద్దె లెక్క మొదలు కాదని, పాలు పొంగించిన రోజు నుంచే అద్దె అని టోకెన్ ఇచ్చేటప్పుడే మెసేజ్ పెట్టించుకోండి. బ్రోకరు ఉంటే ఆయన కమిషన్ సగం నెలా ఒక నెలా అనేది కూడా ఇల్లు చూపించకముందే అడగండి, ఇల్లు నచ్చేసినట్టు మన మొహంలో కనపడ్డాక ఆ మాట ఎత్తితే తగ్గించరు.